తుంబాకు రెండోసారి, అంటే మొదటిసారి

రాకెట్లు మొట్టమొదట ఎగిరిన చోటు చూసి రావాలని ఈ దేశంలో లక్షలమంది కలలు కంటారు.

సరే, లక్షలమంది కాదు. అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ మొత్తం అడిగి చూశాను. తుంబా తెలుసన్నవాళ్లు ముగ్గురే తేలారు. అందులో ఇద్దరం నేనూ మా అండాలూ. మూడో ఆయన అదేదో మందు పేరనుకుని, పంజాగుట్టలో ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో చెప్పబోయాడు. కాబట్టి ఆయన్ను కూడా తీసేయొచ్చు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. తుంబా కేరళలో, తిరువనంతపురం పక్కన, చేపలు పట్టేవాళ్ల ఊరు. మన దేశపు తొలి రాకెట్ ఆ ఇసుకలోంచే ఎగిరింది. అప్పట్లో అక్కడ వేరే కట్టడాలు లేక ఊరి చర్చినే ఆఫీసు చేసుకున్నారు, పని షెడ్డు చేసుకున్నారు. ఇప్పుడు ఆ చర్చి మ్యూజియం.

ఇక నా సంగతి. ఇరవై రెండేళ్ల వయసులో నేను బోరబండలో ఉండి, సనత్‌నగర్‌లో చెక్క పెట్టెలు చేసే షెడ్డులో వడ్రంగం చేసేవాణ్ణి. తుంబాకు పోయే పరికరాలకు పెట్టెలు చేసే పని ఒకసారి మాకు వచ్చింది. పెట్టెల వెంట ఇద్దరు మనుషులు పోవాలన్నారు. ఒకరు మా మేస్త్రీ, ఒకరు నేను. పోయాను, వచ్చాను. వచ్చి ఒక కథ చెప్పాను. ఆ కథ ఇది. తెల్లవారుతోంది. చర్చి గంట మోగింది. సముద్రంలోంచి ఎర్రగా సూర్యుడు లేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఇసుకలోంచి రాకెట్ లేచింది. ఆకాశంలో ఒకేసారి రెండు సూర్యుళ్లు.

పెళ్లైన మొదటి వారంలో ఈ కథ అండాలుకు చెప్పాను. అప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పానో! రాకెట్ ఏటేటా ఎత్తు పెరుగుతూ పోయింది. ఆమెకు ఆ రెండు సూర్యుళ్లు ఎంత నచ్చాయంటే, పుట్టిన బిడ్డకు ఉదయ అని పేరు పెట్టింది. నన్ను పిలవడం కూడా అప్పటి నుంచి 'ఉదయ నాయినా' అనే.

ఇప్పుడు మీకు, మీకు మాత్రమే, ఒప్పుకుంటున్నాను. నేను తుంబా చూడలేదు. మద్రాసు దాకా పోయి వెనక్కి వచ్చాను.

మా పెళ్లై యాభై ఏళ్లు నిండాయని, ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేసే మా ఉదయ రెండు రైలు టికెట్లు తెచ్చి చేతిలో పెట్టింది. అమ్మకు నువ్వు నిలబడ్డ చోటు చూపించు నాయినా అంది. అండాలు కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను గానీ, నాది వేరే బాధ.

రైలు పెట్టెలో సర్వపిండి

పోకుండా తప్పించుకోవడానికి ఏమేం సాకులు చెప్పానో రాస్తే ఒక పుస్తకం అవుతుంది. మోకాలు అన్నాను, బీపీ అన్నాను, కేరళలో వానలన్నాను. అండాలు వినలేదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే సర్వపిండి ఇరవై చేసి డబ్బాకెత్తింది. సికింద్రాబాద్‌లో రైలెక్కాం.

మా ఎదురు సీట్లో ముప్పై అయిదేళ్ల అమ్మాయి. పేరు లిజి. కొట్టాయం వైపు ఊరట. పదకొండేళ్లుగా పంజాగుట్టలో ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సు. ఆమె మలయాళం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆమె తెలుగు మాత్రం అచ్చం మా బస్తీదే. సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకుని "మస్తుంది ఆంటీ, జర కారం తక్కువైంది" అని మా అండాలుకే వంక పెట్టింది. బదులుగా కర్రపెండలం చిప్స్ పొట్లం విప్పింది. కొబ్బరినూనెలో వేయించినవి. మొదటి ముక్కకు నెత్తికి రాసుకునే నూనె గుర్తొచ్చి మొహం ముడిచాను. పొట్లం సగం నేనే తిన్నాను.

గుంటూరు దాటాక మేం ఎక్కడికి పోతున్నామో లిజి అడిగింది. అండాలు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, మొత్తం కథ ఎత్తుకుంది. యాభై ఏళ్లుగా విన్న మనిషి కదా, నాకన్నా బాగా చెప్పింది. గంట దగ్గర గొంతు తగ్గించింది, రాకెట్ దగ్గర చెయ్యి పైకి లేపింది. సముద్రంలోంచి సూర్యుడు లేచాడు అన్నప్పుడు మాత్రం లిజి నమలడం ఆపింది.

"తుంబాలనా ఆంటీ?" అంది.

తుంబాలనే, మా ఆయన కండ్లతోని చూసిండు అంది అండాలు. లిజి నా వైపు చూసింది. జ్వరం ఎంతుందో చూసే చూపు అది.

అండాలు చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లగానే ఆ అమ్మాయి ముందుకు వంగి మెల్లగా చెప్పింది: "అంకుల్, మా దగ్గర సముద్రం పడమర ఉంటది. పొద్దు అందుల మునుగుతది. లేవది."

నా నోట్లో చిప్స్ ముక్క అట్లాగే ఉండిపోయింది.

మన తెలుగువాళ్లకు సముద్రమంటే తూర్పు. విశాఖ పోయినా, బందరు పోయినా, మైపాడు పోయినా సముద్రంలోంచే పొద్దు పొడుస్తుంది. నేను జీవితంలో చూసిన ఒకే ఒక్క సముద్రం మద్రాసుది, అదీ తూర్పే. సముద్రానికి ఇంకో దిక్కు ఉంటుందని నాకెన్నడూ తోచలేదు. ఈ కథ నేను షెడ్డులో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, మెట్రో పిల్లర్లు లేవకముందు నుంచీ అమీర్‌పేట చౌరస్తాలో చెబుతూనే ఉన్నాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మా పక్కింటి లెక్చరర్ గారు కూడా తల ఊపి మెచ్చుకున్నారు. అందరం అందరమే.

లిజికి జాలి కలిగినట్టుంది. ఫికర్ చెయ్యొద్దు అంకుల్, ఆంటీకి నేను చెప్పను అంది. తిరువనంతపురంలో అన్న వరసయ్యే షాజీ ఆటో నడుపుతాడని అతని నంబరు రాసిచ్చింది. మర్నాడు మధ్యాహ్నం కొట్టాయంలో దిగిపోతూ అండాలును కావిలించుకుంది. నాకు మాత్రం వేలు చూపించి నవ్వింది.

ఆ సాయంత్రం కుడివైపు కిటికీలోంచి ఎండ పడుతుంటే నేను తెర లాగేశాను. కళ్లకు కొడుతోందన్నాను. సముద్రం ఎటు దిక్కు అని అండాలు అడిగింది. ఇంకా చాలా దూరం అన్నాను.

గులాబీ రంగు నీళ్లు

తిరువనంతపురంలో మొదటి పొద్దంతా నేను మంచి యాత్రికుణ్ణి. ఆవిరి మీద గొట్టంలో ఉడికించిన పుట్టు తిన్నాం. బియ్యప్పిండి, కొబ్బరి పొరలు పొరలుగా ఉంటుంది. దానికి అరటిపండు పిసికి కలుపుకోమంటారు. పొద్దున్నే ఉప్పూ కారం లేకుండా తినడమేంటని అండాలు గొణిగింది. గ్లాసుల్లో గులాబీ రంగు నీళ్లు పోశారు, వేడిగా. షర్బత్ అనుకుని నేను రెండు గ్లాసులు తాగి, తియ్యగా లేదేమని అడిగాను. అది ఏదో చెట్టు చెక్క వేసి కాచిన తాగే నీళ్లేనట. టిఫిన్ ఇద్దరికీ నూట పది రూపాయలు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్య నిలబడి తినే ఇడ్లీకి దాదాపు అంతే అవుతుంది. ఇక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా ఇచ్చారు.

నా దృష్టి మాత్రం గడియారం మీదే. పొద్దు కుంకే వేళకు అండాలు సముద్రం పక్కన ఉండకూడదు. ఈ రోజూ, రేపూ. ఎల్లుండి రైలు. రెండు సాయంత్రాలు గడిపితే నా యాభై ఏళ్లు నిలబడతాయి.

అందుకని సాయంత్రం స్వామి దర్శనం పెట్టించాను. మన దగ్గర పెద్ద గుడి అంటే లైన్లో నాలుగు గంటలు ఖాయం. బయటికొచ్చేసరికి చీకటి పడాలి. గుడి ముందు మగవాళ్లు చొక్కా విప్పి పంచె కట్టుకోవాలన్నారు. మన దగ్గర చెప్పులు విప్పితే చాలు. యాభై ఏళ్లు రంపం పని చేసిన ఛాతీ కదా, విప్పగానే నలుగురు తిరిగి చూశారు. నిజం చెప్పాలంటే ఒకాయన చూశాడు. నా పంచె జారుతోందని చెప్పడానికి.

ఆ రోజు జనమే లేరు. నలభై నిమిషాల్లో దర్శనం అయిపోయింది. బయటికొస్తే ఎండ ఇంకా బంగారంలా ఉంది. ఇంత పొద్దుండగా రూముకు పోయి ఏం చేస్తాం, సముద్రం చూద్దాం అంది అండాలు. మోకాలు పట్టుకున్నాను. మెట్లెక్కినప్పుడు లేని మోకాలు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడిగింది. షాజీ ఆటో తెచ్చి ఆపాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు, హిందీ బాగా వచ్చు. శంఖుముఖం బీచ్ పక్కనే అమ్మా, ఇప్పుడు పోతేనే అందం అన్నాడు. వాడికి ఏం తెలుసు పాపం.

శంఖుముఖం

ఇసుకలో కూర్చున్నాం. చుట్టూ పిల్లలు, పల్లీలమ్మేవాళ్లు, గాలిపటాలు. సూర్యుడు నీళ్లకు బెత్తెడు ఎత్తున ఉన్నాడు. నేను పల్లీల గురించి మాట్లాడాను, అలల గురించి మాట్లాడాను, ఉదయకు ఏం కొనాలో మాట్లాడాను. అండాలు ఏదీ వినలేదు. సూర్యుడు నీళ్లను తాకాడు, అడుగున చదునయ్యాడు, సగమయ్యాడు, గోరంత అయ్యాడు. పోయాడు. అంతసేపూ ఆమె కదల్లేదు.

"పొద్దు సముద్రంల కుంకింది" అంది.

"ఔను."

"తుంబా ఎంత దూరం ఇక్కడికి?"

"పది కిలోమీటర్లు ఉంటది."

"ఇదే సముద్రమా?"

ఇంకో అబద్ధం నాలుక మీదికి వచ్చింది. అక్కడ ఒడ్డు వంపు తిరుగుతుందని చెప్పొచ్చు. నమ్మేది కూడా, నా మాట కాబట్టి. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఇదే సముద్రం అన్నాను.

అప్పుడు నువ్వు అసలు యాడ ఉన్నవ్ అని అడిగింది.

చెప్పాను. మద్రాసులో పెట్టెలు వేరే రైలుకు మార్చాలి. స్టేషన్ బయట బండి మీద ఏదో తిన్నాను. రాత్రి నుంచి కడుపు పట్టుకుంది. తెల్లారి నిలబడలేకపోయాను. మేస్త్రీ నన్ను పార్సిల్ ఆఫీసు పక్క బల్ల మీద పడుకోబెట్టి, పెట్టెలు తీసుకుని తను వెళ్లిపోయాడు. అక్కడ మూటలు మోసే ఒకాయన, ఆయన భార్య నన్ను చూశారు. ఆ తల్లి మూడు రోజులు గంజి కాచి పోసింది. వాళ్ల భాష నాకు రాదు, నాది వాళ్లకు రాదు. తర్వాత హైదరాబాద్ రైలెక్కించారు. షెడ్డుకు రాగానే అందరూ చుట్టూ చేరి, రాకెట్ చూసినవారా అని అడిగారు. ఇరవై రెండేళ్ల వాణ్ణి. గంజి తాగి వచ్చిన అని ఎట్లా చెప్పను?

అండాలు ఇసుక మీద వేలితో గీతలు గీస్తూ విన్నది. తల ఎత్తకుండానే అంది: "ఆఖరికి బిడ్డ పేరు గూడ అబద్ధమే పెట్టిచ్చినవ్."

అది తగిలినంత గట్టిగా నాకు జీవితంలో ఉలి దెబ్బ కూడా తగల్లేదు.

అది అబద్ధం కాదు అన్నాను. మూడో రోజు నాకు కొంచెం తెరిపి ఇచ్చాక, ఆ మూటలాయన తెల్లవారుజామున నన్ను సముద్రం దగ్గరికి నడిపించుకుపోయాడు. నేను సముద్రం చూడటం అదే మొదలు. నీళ్లలోంచి పొద్దు లేచింది. నాకు ఏడుపు వచ్చింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ పొద్దు నిజం. దాన్ని తెచ్చి తుంబాలో పెట్టాను. పక్కన రాకెట్ తగిలించాను.

నమ్మిందో లేదో తెలియదు. లేచి చీరకంటిన ఇసుక దులుపుకుని ఆటో వైపు నడిచింది. నేను వెనక నడిచాను. రూములో నాకు బీపీ మాత్ర ఇచ్చింది, నీళ్లిచ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు. ఉదయ ఫోన్ చేస్తే అన్నం తిన్నమని, సముద్రం పెద్దగుందని చెప్పి పెట్టేసింది.

చర్చి ఇచ్చిన ఊరు

పొద్దున్నే నేనే అన్నాను, ఇంక తుంబా ఎందుకులే, ఊళ్లో బజారు చూద్దామని. ఆమె జడ వేసుకుంటూ అద్దంలోంచే జవాబిచ్చింది: "నువ్వు రాకుంటే ఉండు. నేను పోత. నేనెన్నడు చూసిన?"

అంతకుముందు ఒక పని చెయ్యమంది. ఉదయకు నువ్వే చెప్పు అని ఫోన్ చేతిలో పెట్టింది. చెప్పాను. నలభై ఏడేళ్ల బిడ్డకు పేరు వెనక కథ తప్పని చెప్పాల్సిన రోజు ఎవరికీ రాకూడదు. అయితే ఇప్పుడు ఆధార్‌ల మార్పియ్యాల్నా నాయినా అంది. నవ్విందో ఏడ్చిందో పోల్చుకోలేకపోయాను. మద్రాస్ ముచ్చట ఇంటికొచ్చినంక మొత్తం చెప్పాలె, గంజి పోసినామె పేరుతో సహా అంది. పేరు నాకు తెలియదు. అదీ ఒప్పుకున్నాను.

తుంబాలో గేటు బయట చాయ్ కొట్టు దగ్గర షాజీ ఆటో ఆపాడు. చాయ్ పదిహేను రూపాయలు, పైనుంచి పోస్తుంటే మూరెడు పొడవు సాగింది. బారెడు అని రాయబోయి దిద్దుకున్నాను. అక్కడ బల్ల మీద మా ఈడు పెద్దామె కూర్చుని ఉంది. వాళ్లది ఆ ఊరేనట, చేపలు పట్టే ఇల్లు. తన చిన్నప్పుడు ఒక ఆదివారం ప్రార్థనలో, ఈ చర్చి, చుట్టూ ఉన్న ఇళ్లు దేశానికి కావాలట, ఇద్దామా అని అడిగారట. అందరూ ఇద్దామన్నారట. వాళ్ల నాన్న కూడా. కొంచెం దూరంలో కొత్త చర్చి, కొత్త ఇళ్లు కట్టించారు. షాజీ హిందీలో చెబుతుంటే అండాలు రెండుసార్లు అడిగింది, దేవుని ఇల్లే ఇచ్చిండ్రా అని. మా బస్తీలో రోడ్డు వెడల్పు చేస్తామంటే ఒక అరుగు జరపనివ్వకుండా మూడేళ్లు కొట్లాడిన వాళ్లలో ముందున్నది నేనే.

లేచేటప్పుడు అండాలు ఆ పెద్దామె చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆమె కంగారుపడి నవ్వింది.

చర్చి తెల్లగా, చల్లగా ఉంది. నా కథలో అది నాలుగు అంతస్తులు. నిజానికి ముచ్చటైన చిన్న చర్చి. అందరూ చెప్పులతోనే లోపలికి పోతున్నారు. అండాలు గడప దగ్గర విడిచింది. మ్యూజియం అండీ, ఫర్వాలేదు అని కాపలాదారు సైగ చేశాడు. ఆమె వినలేదు. నేనూ విడిచాను. లోపల పీఠం ఉండి ఉంటుందనుకున్న చోట, ఒక రాకెట్ బొమ్మకు ఎదురుగా చేతులు జోడించింది.

అప్పటి రాకెట్లు చూస్తే మీరు నవ్వుతారు. మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకుకు పోయే పైపులు వాటికన్నా లావు. సైకిల్ వెనక రాకెట్ మూతి కట్టుకుని నడిపించుకుపోతున్న మనుషుల ఫోటో ఉంది. అండాలు దాని ముందు చాలాసేపు నిలబడింది.

ఒక మూల ఇంకో ఫోటో, చిన్నది. ఇసుకలో లారీ, నలుగురు మనుషులు, వాళ్ల కాళ్ల దగ్గర చెక్క పెట్టెలు. అండాలు దగ్గరికి పోయి చూసి, వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. పొద్దుటి నుంచి అదే మొదటి పిలుపు.

"ఇగో, ఇవి నువ్వు జేసినవేనా?"

ఆమె గొంతులో ఆశ ఉంది. ఔను అంటే చాలు. యాభై ఏళ్లలో సగమైనా నాకు తిరిగి వచ్చేస్తాయి. ఫోటో కింద పేరు లేదు, సాక్షి లేడు. నా గుట్టు ఎవరికీ విప్పని మేస్త్రీ చనిపోయి ఇరవై ఏళ్లు. కళ్లద్దాలు తుడుచుకుని, మొహం ఫోటోకు ఆనించి చూశాను.

"కాదే" అన్నాను. "వీటి మూతలకు మేకులు కొట్టిండ్రు. మేం మూతకు మేకు కొట్టకపోయేది."

"ఏం?"

లోపల సామాను పెట్టాక పెట్టెకు సుత్తి తాకకూడదని చెప్పాను. ఒక్క దెబ్బ అదిరినా పరికరంలో వెంట్రుకంత ముల్లు కదిలిపోతుంది. అందుకని మూతకు స్క్రూలే. అవి కూడా వరసగా బిగించొద్దు. ఈ మూలకొకటి, దాని ఎదురు మూలకొకటి, కొంచెం కొంచెం. ఒక దిక్కు నుంచి బిగించుకుంటూ వస్తే చెక్క వంకర పోతుంది. లోపల నమ్దా, అంటే మందం ఉన్ని, అతికించేవాళ్లం. జిగురు ఆరిందో లేదో వాసన చూసి చెప్పేవాణ్ణి. తడి వాసన ఉంటే ఇంకో రోజు ఆపేవాళ్లం, మేస్త్రీ తిట్టినా సరే. చెబుతుంటే నా చేతులు వాటంతటవే గాలిలో స్క్రూలు తిప్పాయి.

అండాలు నా మొహం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది.

"గిది నాకెన్నడు చెప్పలే" అంది.

"నువ్వెన్నడు అడగలే."

"నువ్వు అడగనిస్తివా? ఎప్పుడు చూడు, రెండు సూర్యుండ్లేనాయె."

పెట్టె ఎంత పొడవుండేదని అడిగింది. ఏ కర్ర అని అడిగింది. టేకు కాదా అంది, కాదు, దేవదారు అన్నాను, తేలిక కోసం. ఒక్కో పెట్టెకు ఎన్ని రోజులు పట్టేదో అడిగింది. నాలుగు అన్నాను. అలవాటు కొద్దీ ఒకటి కలిపినట్టున్నాను. వెంటనే మూడు అని దిద్దాను.

ఇంతలో బడి పిల్లలను వెంటేసుకుని ఒక టీచరమ్మ వచ్చింది. అండాలు ఫోటోను వేలితో చూపిస్తూ ఏదో చెబుతుండటం చూసి, హిందీలో ఏమిటని అడిగింది. మా అండాలు హిందీ బోరబండ కుళాయి దగ్గర నేర్చుకున్నది. దానికి వ్యాకరణం లేదు, భయం కూడా లేదు.

"ఐసే డబ్బే హమారే ఇనోచ్ బనాయే" అంది నన్ను చూపిస్తూ. అంటే ఇలాంటి పెట్టెలు మా ఆయనే చేశాడని. అక్కడితో ఆగితే బాగుండేది. రాకెట్ సామానంతా హైదరాబాద్ నుంచి ఆ పెట్టెల్లోనే వచ్చిందని, అవి లేకపోతే రాకెట్ ఎగిరేదే కాదని, ఒక్క మేకు వాడకుండా అన్నీ ఈయన ఒక్కడే చేశాడని అందుకుంది. పిల్లలు నా చుట్టూ చేరారు. టీచరమ్మ నమస్కారం పెట్టింది.

"అన్నీ కాదే" అని కొంగు పట్టి లాగాను. "వాటిల పోయినవి గాలి వేగం చూసే పరికరాలే. నేను జేసినవి ఐదే."

అండాలు నా చెయ్యి విదిలించి కొంగు సర్దుకుంది.

"నువ్వు జర ఊకో" అంది. "నేను చెప్తున్న గదా."